పగిలే పెట్టె, మిగిలే పెట్టె

మొదటి దెబ్బ మానిటర్ మీద పడింది. రెండో దెబ్బ రెబ్కా ఎడమ మణికట్టు మీద పడింది.

అప్పుడు ఉదయం పదకొండు గంటలు. పిడుగురాళ్లలో సున్నం బట్టీల వైపు వెళ్లే రోడ్డు మీద ఆమె ఫొటో స్టూడియో ఉంది. వెనక గదిలోనే కాపురం. ఒక్కతే ఉంటుంది. ఆ రోజు ముగ్గురు మగవాళ్లు లోపలికి వచ్చారు. ముందున్నవాడు కొండలు, క్వారీలో సూపర్‌వైజరు. రెండేళ్ల కిందట అతని కూతురి పెళ్లికి ఫొటోలు తీసింది రెబ్కాయే. అందుకే అతన్ని చూడగానే కుర్చీ లాగింది. అతను కూర్చోలేదు.

"మీ అన్న తీసిన వీడియోలు ఎక్కడున్నయ్యో చూపించమ్మా. మర్యాదగానే అడుగుతున్నా," అన్నాడు.

రెబ్కా అన్న మరియదాసు ఆ క్వారీలో డ్రిల్లింగ్ పని చేసేవాడు. బండకు బోర్లు వేసి, మందు కూర్చి పేల్చే ముందు సైరన్ మోగించాలి. కూలీలందరినీ గుంతలోంచి పైకి పంపాలి. యజమాని వెంకటనారాయణకు అంత తీరిక ఉండేది కాదు. మనుషులు ఇంకా గట్టెక్కుతూ ఉండగానే పేల్చేవారు. అలాంటి పేలుళ్లు పదిహేడింటిని మరియదాసు తన ఫోన్‌లో తీశాడు. పద్దెనిమిదోది తీస్తుండగా బండ వచ్చి అతని ఛాతీ మీద పడింది. అతనితోపాటు ఇంకో ఇద్దరు పోయారు. ముగ్గురూ తాగి ఉన్నారని, సైరన్ విని కూడా లోపలికి దిగారని క్వారీవాళ్లు పోలీసు రిపోర్టులో రాయించారు. అన్న ఎప్పటికప్పుడు తనకు పంపి దాచమన్నవాటిలోంచి రెబ్కా ఒక్క క్లిప్పును చనిపోయినవాళ్ల బంధువులకు పంపింది. అది ఫోన్ నుంచి ఫోన్‌కు పాకి, నాలుగో రోజుకు కొండలు చేతికి చేరింది.

మణికట్టు విరిగిన చప్పుడు ఆమెకు వినబడింది. నొప్పి కొంచెం ఆలస్యంగా వచ్చింది. కొండలు ఆమె కుడి బొటనవేలు పట్టుకుని, ఆమె ఫోన్ మీద ఆనించి తెరిచాడు. ఆన్‌లైన్‌లో దాచుకున్న కాపీలను ఆమె చేతే ఒక్కొక్కటీ చెరిపించాడు. మిగతా ఇద్దరూ కంప్యూటర్‌ను, రెండు హార్డ్‌డిస్కులను నేల మీద పెట్టి ఇనప రాడ్లతో మోదారు.

"అందులో మీ పాప పెళ్లి కూడా ఉంది కొండలన్నా," అంది రెబ్కా.

రాడ్ పట్టుకున్నవాడు కొండలు వైపు చూశాడు. కొండలు ఒక్క క్షణం ఆగాడు. "కానియ్యి," అన్నాడు. రాడ్ మళ్లీ లేచింది.

వాళ్లకు తెలియనిది ఒక్కటే. మరియదాసు ఫోన్ బతికే ఉంది. రక్తంతో గట్టిపడిన చొక్కా, లుంగీతోపాటు ఆసుపత్రివాళ్లు దాన్ని మూటకట్టి అతని భార్య స్తుతి చేతికిచ్చారు. స్తుతి గుంటూరులో మిరపకాయలకు తొడిమలు తీసే షెడ్డులో పనికి చేరింది. ఆ ఫోన్‌ను గదిలో బియ్యం డబ్బా కింద పెట్టుకుంది. ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు.

చేతికి కట్టు కట్టించుకున్న మూడో రోజున రెబ్కా గుంటూరు బస్సెక్కింది. వదినను తీసుకుని ముదస్సిర్ దుకాణానికి వెళ్లింది. ముదస్సిర్ పాలిటెక్నిక్‌లో ఆమెతో చదివాడు. ఇప్పుడు మిర్చి యార్డుకు దగ్గర్లో కంప్యూటర్లు బాగుచేస్తున్నాడు. సన్నటి వేళ్లు, నెమ్మదైన మాట. స్తుతి మూట విప్పి ఫోన్ బల్ల మీద పెట్టింది. అద్దం పగిలింది. బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచిపోయింది.

అతను ఫోన్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు. బ్యాటరీ తీసేసి, వేరే దాన్నుంచి కరెంటిచ్చి ఫోన్‌ను లేపాడు. పద్దెనిమిది ఫైళ్లూ ఉన్నాయి. చివరిదాన్ని తాకబోతుంటే స్తుతి బయటికి వెళ్లి నిలబడింది. అతను దాన్ని నడపకుండానే కాపీ చేశాడు.

"ఫోన్ మీ కేసు చూసే లాయరుగారికిచ్చెయ్యండి, కోర్టులో పెడతారు," అన్నాడు. "ఈ పద్దెనిమిదేనా? అయితే పెన్‌డ్రైవ్ చాలు."

"ఇవే కాదు," అంది రెబ్కా. "ఆ క్లిప్పు చూసినకాణ్ణించి చుట్టుపక్కల క్వారీలోళ్లందరూ పంపుతున్నారు. పేలుళ్లు, దెబ్బలు తగిలినోళ్లు, సాక్ష్యం చెప్పేవోళ్లు. రోజుకి పదీ పదిహేను. వాటిని ఎక్కడైనా పెట్టాలి. ఇంట్లో పెట్టుకునే సర్వరు కావాలి నాకు."

ముదస్సిర్ అరలోంచి చిన్న నల్ల పెట్టె తీసి ముందు పెట్టాడు. రెండు డిస్కులు పట్టే రెడీమేడ్ పెట్టె. చప్పుడు ఉండదు, కరెంటు తక్కువ తింటుంది, రెండు డిస్కుల్లోనూ ఒకటే రాసుకుంటుంది కాబట్టి ఒకటి పోయినా రెండోది ఉంటుంది. దాని పక్కనే ఏదో ఆఫీసువాళ్లు తీసేసిన పాత కంప్యూటర్ కూడా పెట్టాడు. ఇనప డొక్కు. లోపల డిస్కులకు చోటుంది. ఏ భాగం పోయినా గుంటూరులో ఎక్కడైనా దొరుకుతుంది. కాకపోతే మీ ఊళ్లో సున్నం దుమ్ముకు నెలకోసారి విప్పి ఊదాలి అన్నాడు. కరెంటు పోయినప్పుడు రాతలు సగంలో ఆగిపోకుండా యూపీఎస్ ఏదైనా తప్పదన్నాడు. సెకండ్‌హ్యాండ్ డిస్కులు మాత్రం ముట్టుకోవద్దన్నాడు.

రెబ్కా అన్నీ విన్నది.

"కర్రతో కొడితే ఏది ఆగుద్ది?" అని అడిగింది.

అతను ఆమె చేతికట్టు వైపు చూశాడు. "ఏదీ ఆగదు."

"మరి?"

"రెండో పెట్టె ఇంకో ఊళ్లో ఉండాలి. నీ పెట్టెలోకొచ్చినవన్నీ అది నెట్ మీద లాక్కుంటుంది. నీ దాంట్లో చెరిపినా దాంట్లో చెరగవు. నీ దాన్నుంచి దాని జోలికి పోవడం కుదరదు."

"నాచేత పాస్‌వర్డ్ చెప్పిస్తారు ముదస్సిర్. మొన్న నా చేత్తోనే చెరిపించారు."

"నీకు తెలియని పాస్‌వర్డ్ నీచేత ఎట్టా చెప్పిస్తారు? అది నా దగ్గరుంటుంది. ఎక్కడ పెట్టానో కూడా నీకు చెప్పను."

అలా నిర్ణయం జరిగింది. పిడుగురాళ్లకు పాత ఇనప కంప్యూటర్. పగలగొట్టడానికి వచ్చినవాళ్లకు ఎదురుగా ఏదో ఒకటి కనబడాలి, పగలగొట్టామని తృప్తిపడి పోవాలి. దానికి మామూలు డిస్కు. వేరే ఊరికి పోయే చిన్న నల్ల పెట్టెకు మాత్రం ఇరవైనాలుగు గంటలూ తిరిగే మంచి డిస్కులు రెండు ఎంచాడు ముదస్సిర్. ఒకే చోట ఒకే రోజు తయారైన డిస్కులైతే రెండూ ఒకేసారి పోవచ్చని, రెండు వేరువేరు దుకాణాల నుంచి తెప్పించాడు. డబ్బు స్తుతి ఇచ్చింది. దినం ఖర్చులకు చర్చివాళ్లు చేర్చి ఇచ్చిన డబ్బది.

"పగిలేదానికి పాత సామాను, మిగిలేదానికి మంచి సామాను," అన్నాడు ముదస్సిర్, స్క్రూలు బిగిస్తూ. రెబ్కా నవ్వలేదు. పగిలే పెట్టె పక్కన తాను కూర్చోవాలని ఆమెకు అప్పుడే అర్థమైంది.

ఏప్రిల్‌లో మళ్లీ వచ్చారు. అప్పటికి మూడు వందలు దాటిన వీడియోలు చేరాయి. చేతికట్టు విప్పి పదిరోజులైంది. కొండలుతో ఈసారి కొత్తవాడొకడు, జీన్స్ ప్యాంటు వేసుకున్నవాడు వచ్చాడు. మొదటిసారి వచ్చినవాళ్లలో ఒకడు తలుపు మూసి గడియపెట్టాడు. రాడ్ ఎత్తిన కొండలును జీన్స్‌వాడు ఆపాడు. కుర్చీ లాక్కుని కూర్చుని, తెర మీద ఏదో చదివాడు.

"అన్నా, ఇది కొట్టినా లాభం లేదు. దీంట్లో సరుకు రోజూ ఇంకోచోటికి పోతంది. పొద్దున్నే ఆరింటిక్కూడా పోయింది."

కొండలు ముఖం మారిపోయింది. "ఎక్కడికి?"

"నాకు తెలియదు," అంది రెబ్కా.

అది నిజం. నిజం చెబితే నమ్మేవాళ్లు కారు వాళ్లు. మొదటి చెంపదెబ్బకు ఆమె చెవిలో హోరు మొదలైంది. కడుపులో తన్నినప్పుడు ఊపిరి అందలేదు. కింద పడ్డాక పక్కటెముకల మీద తన్నారు. ప్రతి తన్నుకూ అదే ప్రశ్న. ఆమె అదే జవాబు చెప్పింది. చివరికి కొండలు ఆమెను బల్ల దగ్గరికి ఈడ్చి, ఇంకా సరిగా మడవలేని ఎడమ చేతిని సొరుగులో పెట్టించాడు. మోకాలితో సొరుగు మూశాడు.

ఆమె అరుపు బయటికి వినబడే ఉంటుంది. ఎదురుగా సున్నం బస్తాలు దింపుతున్న లారీ ఇంజను ఆగకుండా మోగుతూనే ఉంది.

"పాస్‌వర్డ్ చెప్పమ్మా. చెబితే పోతాం."

చెప్పాలని ఉందామెకు. ఆ క్షణంలో ఆ మూడు వందల వీడియోలూ, మరియదాసూ, చనిపోయిన ఆ ఇద్దరూ ఎవరూ ఆమెకు గుర్తులేరు. తెలిస్తే చెప్పేసేది. తెలియదు. సొరుగు రెండోసారి మూశాడు.

"నేను పెట్టలేదు," అంది. "నాకు రాదు ఆ పని."

"ఎవరు పెట్టారు మరి?"

అది మాత్రం ఆమెకు తెలుసు. "ముదస్సిర్," అంది. దుకాణం ఎక్కడుందో కూడా చెప్పింది.

కొండలు సొరుగు తెరిచి ఆమె చేతిని బయటికి తీశాడు. ఆమె ఫోన్ జేబులో వేసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ ఇనప కంప్యూటర్‌ను రెండు దెబ్బలు కొట్టించాడు. బయట కారు కదిలింది.

రెబ్కా మోకాళ్ల మీద పాకి, తలుపు పట్టుకుని లేచింది. గుంటూరు గంటన్నర దారి. గంటన్నర తర్వాత వాళ్లు ముదస్సిర్ ముందు ఉంటారు. రోడ్డు దాటి టీ కొట్టు దగ్గరికి నడిచింది. ఊపిరి పీల్చినప్పుడల్లా ఎముకలు గుచ్చుకున్నాయి. కొట్టు నడిపే సుబ్బరావమ్మ ఆమెను చూసి గ్లాసులు కడిగే తొట్టిలోంచి చేతులు తీసింది.

"ఫోన్ ఇయ్యి పిన్నీ," అంది రెబ్కా.

చేతిలోకి ఫోన్ వచ్చాక గాని, ముదస్సిర్ నంబరు తనకు నోటికి రాదని తెలియలేదు. ఆమెకు గుర్తున్నది ఒక్కటే నంబరు, మరియదాసుది. ఆ సిమ్ము ఇప్పుడు స్తుతి వాడుతోంది. ఆరోసారికి స్తుతి ఎత్తింది. షెడ్డులో తుమ్ములు, దగ్గులు, ఆడవాళ్ల మాటలు వినబడ్డాయి.

"వదినా, కొండలు ముదస్సిర్ దుకాణానికి పోతన్నాడు. నేనే పేరు చెప్పాను."

స్తుతికి అతని నంబరు తెలియదు, దుకాణం తెలుసు. ఫోన్ పెట్టేసింది.

మేస్త్రి ఆ పూట షెడ్డు గేటు తాళం వేసి బయటికి పోయాడు. తాళం పగలగొట్టించుకుని బయటపడే సరికి గంటన్నర దాటింది. స్తుతి వెంట షెడ్డులో ఆడవాళ్లు ఆరుగురు వచ్చారు. అందరూ ఒకే ఆటోలో, ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని వచ్చారు. ముదస్సిర్ దుకాణం షట్టరు సగానికి దించి ఉంది. కింద నుంచి వంగి చూస్తే ముదస్సిర్ కాళ్లు కనబడ్డాయి. ఒక చెప్పు లేదు.

లోపల అతన్ని కుర్చీకి కట్టేశారు. కుడి చెయ్యి బల్ల మీద ఉంది. కొండలు చేతిలో అతని పటకారే ఉంది. చూపుడువేలు, మధ్యవేలు అప్పటికే విరిచేశారు. వేళ్లు వెనక్కి తిరిగి ఉన్నాయి. కొండలు ఉంగరపువేలు పట్టుకున్నాడు.

స్తుతి షట్టరు ఎత్తలేదు. దాని కింద నుంచి దూరి లోపలికి వచ్చింది. వెనకే మిగతావాళ్లు. తలుపు దగ్గరున్నవాడు కోటేశ్వరి అనే ఆమె జుట్టు పట్టుకున్నాడు. ఆమె రెండు అరచేతులూ అతని ముఖాన రుద్దింది. పొద్దున్నుంచి మిరపకాయలు తుంచిన చేతులు. వాడు కళ్లు మూసుకుని మోకాళ్ల మీద కూలాడు. ఇద్దరు ఆడవాళ్లు వాడి మీద కూర్చున్నారు. జీన్స్‌వాడు షట్టరు కింద నుంచి పాకి పరుగెత్తాడు.

కొండలు పటకారుతో స్తుతి నోటి మీద కొట్టాడు. రెండు పళ్లు రాలాయి. ఆమె వెనక్కి పడి, గోడవారనున్న పాత యూపీఎస్‌కు తగిలింది. బ్యాటరీతో ఏడెనిమిది కిలోలుంటుంది. స్తుతి దాన్ని రెండు చేతులతో ఎత్తింది. కొండలు అప్పటికే మళ్లీ ముదస్సిర్ వైపు తిరిగాడు. ఆమె దాన్ని అతని తల మీద వేసింది. అతను పడ్డాడు. ఆమె మళ్లీ ఎత్తింది.

"చాలు వదినా, చాలు," అన్నాడు ముదస్సిర్ కుర్చీలోంచి.

ఆమె రెండోసారీ వేసింది. అది భుజం మీద పడింది. మూడోసారి ఎత్తబోతే కోటేశ్వరి వచ్చి చేతులు పట్టుకుంది.

కొండలు చనిపోలేదు. పుర్రె చిట్లింది, ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. ఆసుపత్రిలో ఉండగానే అతని మీద కేసు పెట్టారు. స్తుతి మీద కూడా హత్యాయత్నం కేసు పెట్టారు. పంతొమ్మిది రోజులు జైల్లో ఉంది. బెయిలు మీద వచ్చినప్పుడు రెబ్కా ఎదురు వెళితే, "వాడు బతికాడా," అని మాత్రం అడిగింది. బతికాడని చెబితే, సంతోషమో విచారమో తెలియకుండా తల ఊపింది.

వీడియోలు కోర్టుకు చేరాయి. వెంకటనారాయణను అరెస్టు చేశారు. రెండు నెలలకు బెయిలు మీద వచ్చాడు. ఆ క్వారీ గుంత మూతపడింది. మూతపడినందుకు పని పోయిన కూలీల్లో కొందరు రెబ్కాను చూసి ముఖం తిప్పుకుంటున్నారు. కేసు నడుస్తోంది. మొదటి వాయిదాలో మరియదాసు తీసిన చివరి వీడియో వేసినప్పుడు అందులో సైరన్ లేదు. "దాసూ, దాసూ" అని ఎవరో పిలవడం ఉంది. తర్వాత దుమ్ము ఉంది. రెబ్కా దాన్ని మొత్తం చూసింది.

ఆమెకు ఇంకొక పని మిగిలింది. జూలైలో ముదస్సిర్ దగ్గరికి వెళ్లింది. అతను ఎడమ చేత్తో స్క్రూ తిప్పడం నేర్చుకుంటున్నాడు. కుడి చేతి రెండు వేళ్లు ఇక వంగవని డాక్టరు చెప్పేశాడు.

"నీ పేరు చెప్పింది నేనే," అంది.

"తెలుసు. వాళ్లే చెప్పారు." స్క్రూ జారి కిందపడింది. ఆమె వంగి తీసిచ్చింది. "నేనూ చెప్పేవాణ్నే రెబ్కా. మూడో వేలు పట్టుకున్నప్పుడు నోరు తెరిచాను. అప్పుడే మీ వదిన షట్టరు కింద నుంచి వచ్చింది."

"ఎక్కడ పెట్టావ్ దాన్ని?"

అతను స్క్రూ పక్కన పెట్టాడు. "అద్దంకిలో. మా అమ్మ దగ్గర. కుట్టుమిషన్ పక్కన."

రెబ్కా కుర్చీ వెతుక్కుని కూర్చుంది. అతని పేరు చెప్పినప్పుడు తాను ఎవరి ఇంటి దారి చూపించిందో ఆమెకు ఇప్పుడు తెలిసింది. అరవై ఏళ్ల ఒంటరి మనిషి. అద్దంకిలో జాకెట్లు కుట్టుకుంటూ ఉంటుంది.

"నేను ఎల్లి చెప్పాలి," అంది.

"వద్దు. ఆమెకి కోపం ఎక్కువ."

ఆమె వినలేదు. మర్నాడు మధ్యాహ్నానికి అద్దంకిలో దిగింది. ముదస్సిర్ తల్లి మస్తాన్‌బీ ఇల్లు ఒకే గది. కిటికీ పక్కన కుట్టుమిషన్, దాని పక్కన స్టూలు మీద నల్ల పెట్టె. దుమ్ము పడకుండా పైన పూల గుడ్డ కప్పి ఉంది. ఆమె కళ్లజోడు తీసి రెబ్కా చేతిని, చెంప మీద మచ్చను చూసి, మంచినీళ్లిచ్చింది. రెబ్కా నీళ్లు తాగకుండా గ్లాసు కింద పెట్టి, జరిగిందంతా చెప్పింది. సొరుగు సంగతి చెప్పింది. పేరు చెప్పిన సంగతి చెప్పింది.

మస్తాన్‌బీ లేచి వచ్చి ఆమె చెంప మీద కొట్టింది. బలంగా కొట్టింది. రెబ్కా కదల్లేదు.

"చిన్నప్పుడు సూదిలో దారం ఎక్కించేది వాడే నాకు," అంది మస్తాన్‌బీ. "ఒక్కసారికే ఎక్కించేవాడు."

ఆ తర్వాత వెళ్లి పెట్టె మీద గుడ్డ తీసింది. తీగలు పీకింది. ఎలా పీకాలో కొడుకు నేర్పినట్టుంది, ముందు పక్కనున్న మీట నొక్కి, లైటు ఆరేదాకా ఆగింది.

"తీసుకుపో. వాడి చేతులు మంచిగున్నప్పుడు కట్టింది కాబట్టి పగలగొట్టకుండా ఇస్తన్నా. ఇంక నా ఇంటికి రావద్దు."

రెబ్కా పెట్టెను సంచిలో పెట్టుకుంది. బస్సులో దాన్ని ఒళ్లోనే ఉంచుకుంది. ఎడమ చెయ్యి బరువుకు తట్టుకోక తిమ్మిరెక్కింది, అయినా కింద పెట్టలేదు. గుంటూరులో దిగి నేరుగా స్తుతి గదికి వెళ్లింది. స్తుతి అప్పుడే పని నుంచి వచ్చి, చేతుల మంట తగ్గడానికి కొబ్బరినూనె రాసుకుంటోంది. ముందు పళ్లు రెండు లేవు. సంచిలో ఏముందో చూసింది.

"ఇది దగ్గరుంటే వాళ్లు మళ్లీ రావచ్చు వదినా," అంది రెబ్కా. "పెట్టే ముందే సంగతి నీకు తెలియాలి, నువ్వు ఒప్పుకుంటేనే ఇక్కడ పెడతాను. పాస్‌వర్డ్ ముదస్సిర్ దగ్గరే ఉంటుంది."

స్తుతి చేతులు తుడుచుకుంది. బియ్యం డబ్బాను జరిపి, గోడ దగ్గర ప్లగ్గు చూపించింది.

"దానికి ఏం కావాలి?" అని అడిగింది.

"కరెంటు. కొంచెం గాలి."

"ఉన్నయ్," అంది స్తుతి, ప్లగ్గు చుట్టూ ఉన్న దుమ్మును కొంగుతో తుడుస్తూ.